వెనక తలుపు

ఆ ఏడు వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేసిన నెలన్నర రోజులూ మా ఇంట్లో అందరి ప్రాణమూ ఒక డబ్బా మీదే ఉంది. అందరూ అంటే పెద్ద సంసారమేం కాదు. నేను, మా అమ్మాయి దుర్గాశ్రీ. మూడో మనిషి లోవమ్మ, నా భార్య, కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. రెండేళ్లలో వచ్చేస్తానని వెళ్లింది. ఆ రెండేళ్లకి అప్పటికి ఏడో ఏడు నడుస్తోంది.

డబ్బా అంటే కంప్యూటర్. లోవమ్మ పనిచేసే ఇంట్లో కుర్రాడు ఆటలాడుకోడానికి కొనుక్కున్నదట. వాడికి కొత్తది రాగానే దీన్ని మెట్ల కింద పడేశారు. లోవమ్మ అడిగి తీసుకుని, రెండు దుప్పట్లలో చుట్టి, పాలపొడి డబ్బాల మధ్య పెట్టి కార్గోలో పంపింది. ఊళ్లో కంప్యూటర్లన్నీ బల్ల కింద నిలబెట్టేవైతే ఇది బూట్ల పెట్టెకంటే కాస్త పెద్దది. వెండి రంగు, ముందు నీలం లైటు. ఆటలకే చేసింది కాబట్టి అప్పట్లో మంచి జోరుగానే ఉండి ఉంటుంది. అయితే లోపల వేలు పెట్టే సందు లేదు. అన్నీ కుక్కి కుక్కి పెట్టారు. మా దగ్గరికి వచ్చేటప్పటికే దానికి రెండేళ్లు. మా దగ్గర ఇంకో రెండేళ్లు. మనిషైతే పసివాడు, కంప్యూటరైతే ముసలిది.

నేను రామచంద్రపురంలో మోటార్లకి వైండింగ్ చేస్తాను. చేలో మోటార్లు, బోరు మోటార్లు, మిల్లు మోటార్లు. వీధి వైపు షాపు, దాని వెనక రెండు గదులు. ఎనిమిదో తరగతి మధ్యలో మా మేనమామ వచ్చి, "వీడికి చదువెందుకే, చేతిలో పనుంటే చాలదూ" అని మా అమ్మతో ఒక్క మాట అని, నన్ను తీసుకొచ్చి ఈ బల్ల ముందు కూచోబెట్టాడు. ముప్పై ఏళ్లయింది. ఆయన పోయాడు. నేను లేవలేదు.

ఆ రోజు బంగార్రాజు గారి మోటారు విప్పి ఉంది. ఆయన స్టూలు మీద కూచుని కండువాతో విసురుకుంటున్నాడు.

"ఏమోయ్ చిట్టియ్యా, బతుకుద్దా?"

"బతుకుద్దండి. కానీ కండెన్సర్ ఉబ్బిందండి. ఇప్పుడు మార్చకపోతే పది రోజుల్లో మళ్లీ నా దగ్గరికే వత్తారు."

"నేనొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి ఉబ్బిందంటావ్. రేపు నా పొట్ట చూసి అదీ మార్చేత్తానంటావేంటి?"

"దానికి వేరే షాపండి."

ఆయన నవ్వాడు, మార్చమన్నాడు. నా మీద ఊళ్లో ఆ నమ్మకం ఉంది. మేనమామ నాకు చదువు మాన్పించినా ఒక్క మాట నేర్పాడు. విప్పిన మోటార్లో కంటబడ్డది కడుపులో దాచుకోకూడదు, చెప్పి మరీ మూయాలి. ముప్పై ఏళ్లలో నేను ఆ మాట తప్పలేదు. ఒక్కసారి తప్ప.

అప్పుడే దుర్గ లోపల్నుంచి వచ్చింది. డిగ్రీ చివరి పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉంటోంది. చేతిలో కాగితం.

"నాన్నా, హైదరాబాదులో ఆటల కంపెనీ. నమూనా పంపమన్నారు."

"ఆటలాడితే జీతమిత్తారా?"

"ఆడటం కాదు నాన్నా, తయారు చెయ్యడం. ఆటలో వీధులు, ఇళ్లు కట్టాలి. నచ్చితే ఆరు నెలలు నేర్పిస్తారు, తర్వాత ఉద్యోగం. సీడీలో పెట్టి జూన్ తొమ్మిది, శనివారం, సాయంత్రం లోపల కొరియర్ వెయ్యాలి."

"మా మనవడు ఊరికే ఆడతన్నాడు పొద్దస్తమానం. ఆణ్ణి కూడా తీసుకుపొమ్మను తల్లీ," అన్నాడు బంగార్రాజు గారు.

దుర్గ నన్ను లోపలికి తీసుకెళ్లి చూపించింది. తెర మీద మా వీధి. కాలవ గట్టు, లాకుల దగ్గర వంతెన, టీ కొట్టు రేకు, మా షాపు. నా బల్ల కూడా ఉంది, మీద రాగి తీగ చుట్టతో సహా. మూడు మీటలు నొక్కితే మనమే నడుచుకుంటూ వెళ్లినట్టుంది. షాపులోకి వెళ్లాం. బల్ల పక్కనుంచి, గదులు దాటుకుని వెనక్కి వెళితే అక్కడ ఒక తలుపు.

"మనకి వెనక తలుపు లేదు కదే. అటు మిల్లు గోడ."

"నిజంగా లేదు. ఆటలో ఉండాలి. ఏ చోటికైనా రెండు దారులుండాలి నాన్నా, లేకపోతే ఆడేవాడు ఇరుక్కుపోతాడు. అది మొదటి రూలు."

"తలుపవతల ఏముంది?"

"ఇంకా వెయ్యలేదు."

వంతెన మీదికి వెళ్లబోయేసరికి బొమ్మ సగంలో ఆగిపోయింది. దుర్గ డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసింది, చంటిపిల్లకి జ్వరం చూసినట్టు.

"కాలిపోతోంది. మెమరీ చాలట్లేదు, గ్రాఫిక్స్ కార్డు పాతది. రెండూ మారిస్తే అయిపోద్ది. మార్పిస్తావా?"

"మార్పిస్తాలే. సెలెక్టయితే అక్కడెక్కడ ఉంటావు?"

"హాస్టలు."

"అంటే పెట్టె సర్దుకోవాలి."

"పెట్టె సర్దుకోకుండా ఎవరెళ్తారు నాన్నా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఏడేళ్ల కిందట ఈ గదిలోనే లోవమ్మ ఎర్ర సూట్‌కేసు మీద మోకాలు పెట్టి నొక్కి, నైలాన్ తాడుతో కట్టమని నాకే ఇచ్చింది. నేనే కట్టాను. బాగా బిగించి కట్టాను.

*

దుర్గకి కాలేజీలో సర్టిఫికెట్ల పని ఉండి, రాజమండ్రి నేనొక్కణ్ణే వెళ్లాను. కావలసినవన్నీ చీటీ మీద రాసిచ్చింది. డబ్బాని చేతిసంచిలో పెట్టుకుని ఒళ్లో కూచోబెట్టుకున్నాను. మెయిన్ రోడ్డు వెనక సందులో లోకనాథ్ అని కంప్యూటర్లు బాగుచేసే ఆయన. మూత తీసి, కళ్లద్దాలు సవరించుకుని, పెదవి విరిచాడు.

"దీన్నెక్కడ పట్టారండి బాబూ? ఇందులో ఒక్కటీ బజారు సైజు కాదు."

"మారవాండి?"

"మారతాయి. మామూలు కార్డు పెడితే మూత పడదు. మూత పడే పొట్టి కార్డు పెడితే దానికి తగ్గ కరెంటు ఈ డబ్బాలో లేదు. స్లాటు చూస్తే పాతకాలంది, కొత్త కార్డులు దిగవు."

"పోనీ పెద్ద డబ్బాలోకి మార్చేత్తే?"

"బోర్డే వేరే ఆకారం. ఈ డబ్బాకే పుట్టింది, ఇందులోనే పోవాలి."

అలా అంటూనే అటకంతా వెతికి, ఏదో ఆఫీసు మిషన్‌లోంచి తీసిన పొట్టి కార్డు ఒకటి పట్టుకొచ్చాడు. రెండు మెమరీ ముక్కలిచ్చాడు. కరెంటు సంగతి అడిగితే, పెద్ద సప్లై బయట పెట్టి వైర్లు లోపలికి లాక్కోవచ్చన్నాడు, కాకపోతే మూత పక్కన కొయ్యాలన్నాడు.

"కోత్తానండి. అది నా పనే."

"మీకు పర్లేదు. ఇంకో మాట. ఆ కాలం బోర్డులకి ఒక జబ్బుంది చిట్టియ్య గారూ. సీడీ పెట్టే గూడు ఉంది చూశారా, దాని కింద కండెన్సర్లుంటాయి. అవి ఉబ్బుతాయి. నేను గూడు విప్పలేదు, మీరెలాగూ విప్పాలి. ఉబ్బినట్టు కనబడితే వీటితో మార్చెయ్యండి, లేకపోతే కొత్త కార్డు బరువుకి వారం పది రోజుల్లో పోతాయి." పాత బోర్డు మీంచి తీసిన ఆరు కండెన్సర్లు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. "వీటికేం వద్దులెండి, తుక్కులోవే."

పొట్లం చొక్కా జేబులో పెట్టుకున్నాను. ద్వారపూడి దాటేదాకా బస్సులో కూచోడానికి చోటు దొరకలేదు. నిలబడి, సంచి గుండెకి ఆనించుకుని, కిటికీలోంచి ఎండిపోయిన కాలవ చూశాను. అడుగున బురద నెర్రెలిచ్చింది. ఒక పడవ ఒరిగి పడుంది. నీళ్లొస్తే లేస్తుంది. అది పడవ కాబట్టి.

*

శుక్రవారం లోవమ్మ ఫోను. ఆవిడకి అక్కడ శుక్రవారం కాస్త తీరిక.

"అధికమాసం పెట్టుకుని కొత్త పని మొదలెడతారా ఎవరైనా? ఒక్క పదిహేను రోజులు ఆగలేరా?"

"కొత్త పని కాదమ్మా," అంది దుర్గ, "పాతదాన్ని బాగుచేసుకోడం. తారీఖు వాళ్లు పెట్టారు, పంతులు గారు కాదు."

"సర్లే. మంగళవారం ముట్టుకోకండి. అన్నీ బిగించాక నిమ్మకాయ తిప్పి వీధిలో పారెయ్యండి. మీ నాన్నకి చెప్పు, ఆయనకి ఇలాంటివి పట్టవు. ఆయనకి ఏది పట్టుద్ది గనక."

మంగళవారం వదిలేసి బుధవారం పొద్దున షాపు బల్ల మీద పని పెట్టాం. మూత పక్కన గీత గీసి హేక్సా బ్లేడుతో కోశాను. దుర్గ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వెండి రంగు పొడిలా రాలి ఆమె గాజుల మీద పడింది.

"దీని అందమంతా పోయింది నాన్నా."

"అందం కంపెనీవాడు చూత్తాడా?"

"వాడు నాదీ చూడడు, వీధే చూస్తాడు." నవ్వింది. ఆ పూటంతా నవ్వుతూనే ఉంది. సప్లై వైర్లు కురచైతే నేను ముక్కలు అతికి పొడుగు చేశాను. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి స్టాండు మీద ఉంది. దుర్గ నిమ్మకాయ తెస్తానని కొట్టుకి వెళ్లింది.

నేను గూడు విప్పాను.

కింద మిల్లు నుసి అంగుళం మందాన పేరుకుంది. బ్రష్షుతో ఊడ్చి ఊదాను. ఐదు కండెన్సర్లు వరసగా నిలబడి ఉన్నాయి. మూడింటి నెత్తి ఉబ్బింది. ఒకదాని కింద గోధుమ రంగు కారి గడ్డకట్టింది.

ఐరన్ వేడిగానే ఉంది. పొట్లం జేబులోనే ఉంది. నాకు పది నిమిషాల పని.

వీధిలో ఎవరో గేదెని అదిలిస్తున్నారు. నేను కాసేపు ఆ మూడింటినే చూస్తూ కూచున్నాను. తర్వాత గూడు తీసి వాటి మీద పెట్టి స్క్రూలు బిగించాను. నాలుగో స్క్రూ బిగిస్తుంటే దుర్గ నిమ్మకాయతో వచ్చింది.

"లోపలంతా బానే ఉందా నాన్నా?"

"బానే ఉందమ్మా," అన్నాను.

మా పనిలో ఒక పద్ధతుంది. వైండింగ్ అయిన మోటార్ని నేరుగా కరెంటుకి కలపం. మధ్యలో సిరీస్ బల్బు పెడతాం. బల్బు నిండుగా వెలిగితే లోపల షార్టు ఉన్నట్టు, మసగ్గా వెలిగితే పాస్. డబ్బాని కూడా అలాగే కలిపాను. బల్బు మసగ్గా వెలిగింది. దుర్గ చప్పట్లు కొట్టింది. బల్బుకి అంతవరకే తెలుస్తుంది.

*

తొమ్మిది రోజులు డబ్బా గుర్రంలా పరిగెత్తింది. వంతెన మీద ఆగలేదు. దుర్గ కాలవలో నీళ్లు పోసింది, నీళ్లలో వంతెన నీడ వేసింది. టీ కొట్టు దగ్గర పొగ లేపింది. నన్ను పిలిచి చూపించేది. టేబుల్ ఫ్యాను డబ్బా వైపు తిప్పి, తను చెమటలో కూచునేది. గంటకోసారి మూత మీద అరచెయ్యి పెట్టి చూసేది.

అయిదో రోజునో ఆరో రోజునో అన్నాను, "ఒకసారి కట్టెయ్యమ్మా, విప్పి చూస్తాను."

"ఎందుకు? ఏమైనా తేడా ఉందా?"

"తేడా అని కాదు."

"అయితే వద్దు నాన్నా. బానే నడుస్తోంది కదా. ఇప్పుడు విప్పితే ఒక పూట పోద్ది."

వద్దంది. తనే వద్దంది. నేను వెళ్లి బల్ల ముందు కూచున్నాను. ఒళ్లంతా తేలికైంది. ఆ తేలికని తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నాకే ముట్టుకోబుద్ధి కాదు.

శుక్రవారం పొద్దున, ఆ వెనక తలుపు సంగతి తప్ప, అన్నీ పూర్తయ్యాయి. వీధంతటికీ వెలుగునీడలు లెక్కగట్టి ముద్ద చెయ్యడానికి ఒక రోజు పడుతుందట, శనివారం మధ్యాహ్నానికి సీడీ తీసుకోవచ్చట. దేవుడికి దణ్ణం పెట్టుకుని మీట నొక్కింది. పదకొండు గంటలప్పుడు లోపల టప్‌మని చిన్న చప్పుడైంది. నేను షాపులో ఉన్నాను. చప్పుడుకంటే ముందు వాసన తెలిసింది నాకు.

నీలం లైటు ఆరిపోయింది. దుర్గ మీట నొక్కుతూనే ఉంది.

"నాన్నా, ఒకసారి చూడు. నువ్వు చూడు."

మూత తీశాను. గూడు విప్పకుండానే తల అడ్డంగా ఊపాను.

"బోర్డు పోయిందమ్మా."

"నువ్వు బాగుచెయ్యలేవా?"

"మోటారైతే చేద్దును. బోర్డు మన చేతిలో పని కాదు."

ఏడవలేదు. హార్డ్ డిస్కు విప్పి ఇమ్మంది. విప్పి ఇచ్చాను. దాన్ని తువ్వాలులో చుట్టుకుని సైకిలు మీద నెట్ సెంటరుకి పరిగెత్తింది. వాళ్ల కంప్యూటర్లలో ఆ వీధి తెరుచుకోను కూడా లేదట. లోకనాథ్‌కి ఫోను చేస్తే షాపు మూసి అన్నవరం వెళ్లాడన్నారు. మధ్యాహ్నం మూడింటికి ఎర్రగా కందిపోయిన మొహంతో తిరిగొచ్చి, కుండలో నీళ్లు రెండు గ్లాసులు తాగింది.

"అయినంతవరకూ పంపించెయ్యమ్మా," అన్నాను. ఆ మాట అనగలిగాను.

"సగం కట్టిన ఇల్లు చూపించి గృహప్రవేశానికి పిలుస్తామా నాన్నా?"

సాయంత్రం లోవమ్మ ఫోను. అంత దూరం నుంచి కూడా ఆవిడ గొంతు గదంతా వినబడింది. "అధికమాసంలో వద్దన్నానా లేదా? ఆ మనిషి చెయ్యి పెట్టింది ఏదైనా తిన్నగా జరిగిందా ఎప్పుడన్నా?"

"అమ్మా, నాన్నని ఏమీ అనకు," అంది దుర్గ. "రాజమండ్రి మోసుకెళ్లాడు. మూత కోసి, వైర్లు అతికి, వారం పాటు నాతో పాటే కూచున్నాడు. చెయ్యగలిగిందంతా చేశాడు. ఇంకెవరి నాన్న చేస్తాడు చెప్పు?"

నేను షాపులోకి వచ్చి జేబు తడుముకున్నాను. పొట్లం చెమటకి మెత్తబడింది. సొరుగులో అడుగున, పాత బేరింగుల కింద పెట్టాను.

*

నాలుగైదు రోజులకి కాలవలకి నీళ్లొదిలారు. ముందు చెత్త కొట్టుకొచ్చింది, ఆ వెనక ఎర్రనీళ్లు. ఒరిగిన పడవలు లేచాయి. దుర్గ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా పైన పెట్టింది. లోవమ్మ పాత చీర చెంగు కత్తిరించి డబ్బాకి గలేబు కుట్టి తొడిగింది, టీవీకి తొడిగినట్టే. మర్నెల నుంచి మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీల షాపులో చేరింది. పెళ్లిళ్లు, నాయకుల పుట్టినరోజులు, శ్రద్ధాంజలి. పోయినవాళ్ల ఫొటోలకి కొత్త చొక్కాలు తొడగడంలో ఊళ్లో తన తర్వాతే ఎవరైనా అంటారు. మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనానికి వస్తుంది, నాకు వడ్డించి తను తిని వెళుతుంది. సాయంత్రం ఏడింటికి వచ్చేస్తుంది. పెట్టె సర్దలేదు. నేననుకున్నట్టే అయింది.

శ్రావణంలో ఒక రోజు దుర్గ పనికెళ్లాక సొరుగు తీశాను. డిస్కు మళ్లీ తగిలించాను. గూడు విప్పి ఆ మూడూ పీకి కొత్తవి పెట్టాను. పది నిమిషాలనుకున్నాను, ఎనిమిదే పట్టింది. సిరీస్ బల్బు మసగ్గా వెలిగింది. నీలం లైటు వచ్చింది.

చెబ్దామనే పెట్టాను. ఆ రోజు చెప్పలేదు. చెబితే ఏమని చెప్పాలి, బోర్డు తనంతట తనే బతికిందనా? మర్నాడు చెప్పలేదు. ఇప్పటికి రెండేళ్లు.

దుర్గ పనికి వెళ్లాక అప్పుడప్పుడు గలేబు తీసి డబ్బా పెట్టుకుంటాను. ఆ మూడు మీటలూ నాకొచ్చు. గట్టు మీద నడుస్తాను. వంతెన దాటుతాను. కాలవలో నీళ్లెప్పుడూ ఉంటాయి, ఎవరూ కట్టెయ్యరు. టీ కొట్టు దగ్గర పొగ లేస్తుంది. మా షాపులోకి వెళ్తాను. బల్ల ఉంది, తీగ చుట్ట ఉంది, బల్ల ముందు మనిషి లేడు. గదులు దాటి వెనక తలుపు తెరుస్తాను. తలుపవతల దుర్గ ఏమీ వెయ్యలేదు. గడప దాటితే కాలి కింద నేల లేదు. బూడిద రంగులోకి పడిపోతూనే ఉంటాం. ఏ మీట నొక్కినా ఆగదు. కరెంటు తీసెయ్యాల్సిందే.

మొన్నొక రోజు అలా పడిపోతూ ఉండగా వీధిలో సైకిలు స్టాండు చప్పుడైంది. పన్నెండు కూడా కాలేదు. స్విచ్చి కట్టేసి, గలేబు తొడిగి, గబగబా వచ్చి బల్ల ముందు కూచుని తీగ చేతిలోకి తీసుకున్నాను.

"మిషన్ రిపేరు నాన్నా, ముందే పంపేశారు," అంటూ దుర్గ నా పక్కనుంచి లోపలికి వెళ్లింది. చెప్పులు విడిచిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత గిన్నెల చప్పుడు రావాలి. రాలేదు.

కాసేపు చూసి, లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాను.

డబ్బా ముందు నిలబడి ఉంది. గలేబు కింద నుంచి చెయ్యి దూర్చి, ఇంకా వేడి ఆరని మూత మీద అరచెయ్యి ఆనించి ఉంది. నన్ను చూసింది. చెయ్యి తియ్యలేదు. నేను కోసిన చోటు వేళ్లతో తడుముకుంటూ వెళ్లి, ఆ అంచు దగ్గర ఆగింది.

"ఎప్పట్నుంచి?" అంది.

సొరుగులో మిగిలిన మూడు కండెన్సర్లు ఇంకా ఆ పొట్లంలోనే ఉన్నాయి. పొట్లం మీద లోకనాథ్ షాపు పేరుంది.

తను చెయ్యి తీసి చీర చెంగుతో చేసిన ఆ గలేబు నాలుగు మూలలా సర్దింది. వంటగదిలోకి వెళ్లి కంచం పెట్టింది.

"రా నాన్నా, చల్లారిపోద్ది."

కూచున్నాను. పప్పులో ఉప్పు లేదు. చెప్పలేదు. చివరి ముద్ద దాకా తిన్నాను.